డబ్బా తియ్యి

ఆడపడుచు నోట వదిన గురించి మంచి మాట వచ్చిందంటే వినేవాళ్ళు ముందు అనుమానపడతారు. నన్నూ అలాగే అనుమానించండి, అభ్యంతరం లేదు. మా వదినకి ముక్కు మీద కోపం. వంటింట్లో ఆమె పెట్టిన డబ్బా జానెడు పక్కకి జరిగితే ఇల్లంతా వినపడేలా ఊపిరి వదులుతుంది. నేనొకసారి పంచదార డబ్బాలో ఉప్పు పోశాను. ఒక్క మాట అనకుండా డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నింపి, ఆ రోజంతా నాకు పంచదార లేని టీ ఇచ్చింది. ఇన్నేళ్ళుగా ఆమెలో లోపాలు ఏరడమే నా పని. ఆ పనిలో ఆరితేరాను కాబట్టి ఆమె గొప్పతనం చెప్పే అర్హత కూడా నాకే ఉందనుకుంటున్నాను.

వదిన ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకుంటుంది. నేను అదే ఆసుపత్రిలో మందుల కౌంటర్లో కూర్చుంటాను. ఆమె అక్కడ చేరింది డిశ్చార్జి కాగితాలు టైపు చెయ్యడానికి. ఆ కంప్యూటరు మాటిమాటికీ మొరాయిస్తుంటే, బాగుచేసేవాడి కోసం చూసి చూసి విసిగిపోయి తనే విప్పడం మొదలుపెట్టింది. తర్వాత కంప్యూటర్లని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మధ్యాహ్నం కుడిచేత్తో అన్నం తింటూ ఎడమచేత్తో టైపు చేస్తూ నేర్చుకుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెడుతుంటే చూసి, లిఫ్టులు బాగుచేసే మా అన్నయ్య "దీనికి బొమ్మలుండవా?" అని అడిగాడు.

"మీ లిఫ్టుకి ఉన్నాయా?" అంది వదిన.

ఆ మధ్య మా ఆసుపత్రికి ఒక టీచరుగారు వచ్చారు. గొంతులో క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని, వేరే దారి లేదని సర్జన్ చెప్పారు. మాట పోయినవాళ్ళు కాగితం మీద రాసి చూపిస్తారు, ఫోన్లో టైపు చేసి చూపిస్తారు. ఈవిడకి ఆ దారి కూడా లేదు. ఎందుకంటే ఇంట్లో ఆవిడ మాట్లాడవలసింది భర్తతో. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. పొద్దున లేచింది మొదలు ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారట.

మాట సరిగ్గా రానివాళ్ళకి మాట నేర్పే ఆవిడ ఒకరు మా దగ్గర ఉన్నారు. అందరం మాటల డాక్టరు అంటాం. ఆవిడ ఆపరేటరుగారికి ధైర్యం చెప్పబోయింది. "టీచరుగారు టైపు చేస్తే ఫోనే చదివి వినిపిస్తుందండీ. ఇప్పుడు అన్ని ఫోన్లలోనూ ఆడగొంతు ఉంటుంది."

"ఉంటుందమ్మా, తెలుసు," అన్నారాయన. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ పరాయి ఆడవాళ్ళ గొంతులే విన్నాను. ఇంటికెళ్ళాక కూడా అదేనా?"

నవ్వుతూనే అన్నారు గానీ మాటల డాక్టరుకి నవ్వు రాలేదు. అలాంటివాళ్ళ కోసమే ఒక యూనివర్సిటీవాళ్ళు తయారుచేసి ఉచితంగా ఇస్తున్న ప్రోగ్రాము ఒకటుందని ఆవిడ ఎక్కడో చదివింది. ఆపరేషన్‌కి ముందే మనిషి కొన్ని వందల వాక్యాలు చదివి రికార్డు చెయ్యాలి. ప్రోగ్రాము ఆ గొంతుని నేర్చుకుంటుంది. తర్వాత ఏం టైపు చేసినా ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. అది లినక్స్ మీదే నడుస్తుంది. ఆవిడ తిన్నగా మా వదిన దగ్గరికి వచ్చింది.

ఆ పని చెయ్యగలిగే మెషీను ఆసుపత్రిలో ఒకటే ఉంది. హాల్లో గోడ మీద టోకెన్ నంబర్లు చూపించే బోర్డుని నడిపేది అదే. వదిన దాంట్లోనే గొంతు ప్రోగ్రాము ఎక్కించింది. ఎక్కించిన కాసేపటికి గోడ మీద బోర్డు నల్లగా అయిపోయింది. ఎవరి నంబరు ఎప్పుడో తెలియక హాల్లో ఉన్న జనమంతా నా కౌంటరు మీద పడ్డారు. దగ్గు మందు ఇచ్చే మనిషికి ఎముకల డాక్టరు టోకెన్ ఎక్కడిదని చెప్పినా ఎవరూ వినలేదు. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

సూపరింటెండెంటుగారు వదినని నా కౌంటరు దగ్గరికే పిలిపించి ఒంటికాలి మీద లేచారు. "ఎవరినడిగి చేశారు?" అన్నారు.

"టోకెన్ల ప్రోగ్రాముకి పాత సరుకు కావాలి సార్," అంది వదిన. "గొంతు ప్రోగ్రాముకి అదే సరుకు కొత్తది కావాలి. నేను కొత్తది పోసేసరికి పాతది చెడింది. తప్పు నాదే, బోర్డు ఇప్పుడే సరిచేస్తాను."

"సరిచేసి, రెండోది మానెయ్యండి."

"మానను సార్. డబ్బాలో పెడతాను."

ఆయనకి అర్థం కాలేదు. వదిన విడమరిచి చెప్పింది. కంటైనర్ అని ఉంటుంది. ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరుకునంతా కలిపి ఒక డబ్బాలో పెట్టి మూత పెట్టేస్తారు. మెషీను ఒకటే అయినా డబ్బాలోది బయట టోకెన్లకి తగలదు, బయటిది డబ్బాలోకి పోదు. ఇంట్లో ఉప్పూ పంచదారా కలిపేసే మనుషుల మధ్య కాపురం చేస్తున్నది కాబట్టి ఈ పద్ధతి తనకి బాగా నచ్చిందని చెప్పి నా వైపు చూసింది. ఆయన ఒప్పుకున్నారు, కానీ బోర్డు ఇంకోసారి ఆగితే ఊరుకోనన్నారు.

అది పెట్టడం అంత తేలిక పని కాదు. మెషీనుతో వచ్చిన కంటైనర్ సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. దాన్ని తీసి, తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచే కొత్తది తెచ్చుకోవాలి. తెచ్చుకునే ముందు వాళ్ళ తాళంచెవి లాంటిది ఒకటి మెషీనుకి చూపించాలి, వచ్చేది అసలైనదో కాదో అది పోల్చుకోవాలి కాబట్టి. అంతా ఎక్కించాక, నడపబోతే నీకు అనుమతి లేదంది మెషీను. తనే పెట్టిన సాఫ్ట్‌వేర్ తననే గుమ్మంలో నిలబెట్టిందని వదిన పళ్ళు నూరింది. తన పేరుని అనుమతి ఉన్నవాళ్ళ గుంపులో చేర్చింది. అయినా రానివ్వలేదు. మెషీన్లోంచి ఒకసారి లాగౌట్ అయి బయటికి పోయి మళ్ళీ లోపలికి వస్తేగానీ ఆ చేర్పు లెక్కలోకి రాదని తెలిసేసరికి టీ చల్లారిపోయింది. చివరికి పరీక్ష కోసం ఒక చిన్న డబ్బా తెప్పించి నడిపితే, తెర మీద నమస్కారం లాంటి వాక్యం ఒకటి కనిపించింది. ఆ ఒక్క వాక్యానికి వదిన ముఖం వెలిగిపోయింది. మా అన్నయ్యతో పెళ్ళిచూపుల్లో కూడా అంత వెలగలేదు, నేను అక్కడే ఉన్నాను.

గొంతు ప్రోగ్రాము డబ్బా చాలా పెద్దది. ఓపీ మొదలైతే నెట్ నత్తనడక నడుస్తుంది కాబట్టి తెల్లవారగానే వచ్చి దింపుకుంది. డబ్బా ఎప్పుడైనా పారేసి మళ్ళీ చేసుకునేలా ఉండాలని, దాచుకోవలసినదేదైనా డబ్బా బయట, మెషీనులోనే వేరే అరలో ఉండాలని ఆమె నియమం. ప్రోగ్రాముతో వచ్చిన కాగితంలో రాసినట్టే ఆ అర కూడా తగిలించింది. ఇక ఇంగ్లీషంటే విసుక్కునే మాటల డాక్టరు కోసం, పొడుగాటి ఆదేశాల బదులు మూడు చిన్న తెలుగు మాటలు తయారుచేసి ఇచ్చింది. డబ్బా నడవాలంటే 'పెట్టు'. ఆపాలంటే 'ఆపు'. డబ్బాని పూర్తిగా తొలగించాలంటే 'తియ్యి'. పొయ్యి మీద పెట్టడం, పొయ్యి మీంచి తియ్యడం లాగా అన్నమాట. ఇంతకంటే సులువుగా ఎవరు చెప్పగలరని తనే మురిసిపోయింది.

టీచరుగారు చదవడం మొదలుపెట్టారు. అప్పటికి గొంతు కాస్త బొంగురుపోయింది గానీ, క్లాసులో వెనక బెంచీదాకా వినపడే గొంతు అది. వర్షం పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళండి. తలుపు దగ్గర ఎవరో ఉన్నారు. ఇలాంటి వాక్యాలే అన్నీ. ఆపరేటరుగారు గది బయట బెంచీ మీద కూర్చుని ఉండేవారు. టీచరుగారు రోజుకి కాసేపే చదవగలిగేవారు. రోజురోజుకీ గొంతు తగ్గుతోంది. ఆపరేషన్ దగ్గరపడుతుండగా చదవడం పూర్తయింది. ఇంక ఆ గొంతుని ప్రోగ్రాముకి నేర్పించడమే మిగిలింది.

మర్నాడు వదినకి జ్వరం వచ్చి ఇంట్లో పడుకుంది. పొద్దున్నే ఆసుపత్రిలో కరెంటు పోయి వచ్చింది. మెషీను దానంతటది లేచింది, టోకెన్ బోర్డు లేచింది, గొంతు డబ్బా మాత్రం లేవలేదు. మాటల డాక్టరు వచ్చి గది తాళం తీసింది, తలుపు తీసింది, కిటికీ తీసింది. డబ్బా కూడా తియ్యాలి కదా. మూడు మాటల్లో తనకి కావలసిన మాట కళ్ళముందే ఉంది. 'తియ్యి' అని టైపు చేసింది. మా వదిన జాగ్రత్తపరురాలు కాబట్టి 'నిజంగా తియ్యమంటారా?' అని మెషీను అడిగేలా చేసింది. మెషీనుకి కూడా మర్యాద తెలుసునే అని ముచ్చటపడి, మాటల డాక్టరు 'అవును' అని కొట్టింది.

కాసేపు చూసి ఇంటికి ఫోన్ చేసింది. ఆ రోజు నాది మధ్యాహ్నం డ్యూటీ. నేను వదిన మంచం పక్కనే ఉన్నాను.

"డబ్బా తీశాను మేడం, కానీ లోపల ఏమీ కనపడట్లేదు."

"తీశారా? ఏమని కొట్టారు?"

"తియ్యి అనే."

వదిన కళ్ళు మూసుకుంది. "పర్లేదు, కంగారుపడకండి. రికార్డింగులు బయట అరలో ఉంటాయి. అర చూసి చెప్పండి."

అర ఖాళీగా ఉంది. ఆ మాట వినగానే వదిన లేచి కూర్చుంది. "గోడ దగ్గర స్విచ్ ఆపెయ్యండి. మెషీన్ ఆపమని అడక్కండి, స్విచ్చే ఆపెయ్యండి. టోకెన్లు ఆగిపోతే ఆగిపోనివ్వండి," అంది. నాకు భయమేసింది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఒంట్లో జ్వరంతోనే ఆటోలో వచ్చింది, నేనూ వెంట వెళ్ళాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, ప్రోగ్రాము తయారైన గొంతుని మాత్రమే బయట అరలో పెడుతుంది. విడివిడి రికార్డింగులు డబ్బాలోనే ఇంకో మూల దాచుకుంటుంది. కాగితంలో ఆ సంగతి లేదు. వదిన కాగితాన్ని నమ్మింది గానీ మూత తీసి లోపల చూడలేదు. డబ్బాతో పాటు అవన్నీ పోయాయి.

హాల్లో అప్పటికే గోల. సూపరింటెండెంటుగారు వదిన గదిలోకి వచ్చేసరికి ఆమె మెషీనులోంచి డిస్కు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అది లోపల పెట్టండమ్మా. హాలు నిండిపోయింది," అన్నారాయన.

"చెరిపేసిందంటే నిజంగా చెరిగిపోదు సార్," అంది వదిన. "ఆ చోటు ఖాళీ అని గుర్తుపెట్టుకుంటుంది, అంతే. దానిమీద ఇంకేదైనా రాసేదాకా పాతది కిందే ఉంటుంది. ఇప్పుడిది పెడితే ఒక్కో టోకెనూ ఆవిడ మాట ఒక్కోదాని మీద రాసేస్తుంది. పాత మెషీనొకటి స్టోర్లో ఉంది, వేరే డిస్కు వేసి సాయంత్రానికి బోర్డు దాంట్లో నడిపిస్తాను. అప్పటిదాకా మీరేమన్నా పడతాను."

ఆయన తిన్నగా హాల్లోకి వెళ్ళారు. నేను కౌంటర్లో కాగితం ముక్కల మీద నంబర్లు రాసి ఇస్తుంటే, ఆయనే గుమ్మంలో నిలబడి నంబర్లు పిలిచారు. మంచి గొంతు ఆయనది, హాలు చివరిదాకా వినపడింది.

నాకు ఎక్కువ నచ్చిన పని వదిన ఆ తర్వాత చేసింది. డిస్కులో ఏమైనా దొరుకుతుందో లేదో తెలియకముందే టీచరుగారినీ ఆపరేటరుగారినీ పిలిపించింది. దొరికాక చెప్పొచ్చు కదా అన్నాను. దొరక్కపోతే ఈలోగా ఆవిడకి ఇంకో రోజు గొంతు తగ్గిపోతుంది, మళ్ళీ చదవాలో వద్దో తేల్చుకోవలసింది ఆవిడే అంది వదిన. వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. "మీ రికార్డింగులు పోయాయండీ. మాటల డాక్టరుగారి తప్పేమీ లేదు. తొలగించడానికి 'తియ్యి' అని పేరు పెట్టింది నేను. అవి ఎక్కడ పడుతున్నాయో చూసుకోనిదీ నేనే."

టీచరుగారి ముఖం ఎర్రబడింది. మాట్లాడబోతే గాలి మాత్రమే వచ్చింది. గుక్క తిప్పుకుని, "ఇప్పుడు చదివితే ఈ గొంతే వస్తుంది," అన్నారు. గీరుకున్నట్టుంది ఆ గొంతు. "ఇది ఆయనకి వినిపించడం నాకిష్టం లేదు."

ఆపరేటరుగారు వదిన ఉన్న వైపు తిరిగారు. "దొరుకుతాయా అమ్మా?"

"కొన్ని దొరకచ్చండీ. ఎన్నో చెప్పలేను. అన్నీ దొరుకుతాయని మాత్రం చెప్పను."

"అయితే వెతుకు," అన్నారాయన. అంతకుముందు ఆమెని మీరు అనేవారు. ఆ రోజు నువ్వు అన్నారు.

ఆ డిస్కుని ఇంకో మెషీనుకి తగిలించి, చదవడమే తప్ప రాయడం కుదరకుండా కట్టడి చేసి, ఖాళీ అనుకుంటున్న చోటంతా మూల నుంచి మూలకి గాలించింది. రికార్డింగులు బయటపడ్డాయి. కానీ వాటికి పేర్లు లేవు. ఏ ముక్క ఏ వాక్యమో తెలియకుండా, ముందుదీ వెనకదీ కలిసిపోయి కుప్పగా వచ్చాయి. ఏ వాక్యానికి ఏ ముక్కో జతచేసి ఇస్తేగానీ ప్రోగ్రాము నేర్చుకోదు.

మధ్యాహ్నాలు మాటల డాక్టరు గదిలో టీచరుగారు, ఆపరేటరుగారితో కలిసి బల్ల చుట్టూ కూర్చున్నాం. వదిన ఒక్కో ముక్కా వినిపించేది. మాటల డాక్టరు వాక్యాల కాగితంలో వెతికి చెప్పేది. నేను తోడుగా కూర్చున్నాను. ముక్కలు కొన్ని మధ్యలో తెగిపోయి వచ్చాయి. మాకు "డుగు తీసు" అని వినపడేది. ఆపరేటరుగారు మాత్రం "గొడుగు తీసుకెళ్ళండి, అది రెండోసారి చదివింది, మొదటిసారి దగ్గొచ్చి ఆపేసింది" అనేవారు. బయట బెంచీ మీద కూర్చుని అన్నీ విన్నారట. మధ్యలో ఒక ముక్కలో మాటల డాక్టరే "వినపడుతోందా, వినపడుతోందా" అని మైకు పరీక్షించుకుంటోంది. "ఇది మా ఆవిడ కాదు, తీసెయ్యండి," అన్నారాయన. తీసెయ్యడం అనే మాట వినగానే మాటల డాక్టరు చేతులు వెనక్కి లాక్కుంది. అన్నాళ్ళకి టీచరుగారు నవ్వారు. నవ్వు కూడా బొంగురుగానే వచ్చింది.

ఎక్కువ వాక్యాలు దొరికాయి. కొన్ని దొరకలేదు. దొరికినవాటితోనే ప్రోగ్రాము నేర్చుకుంటుందని వదిన లెక్కగట్టింది. ఈసారి మూత తీసి లోపల ప్రతి మూలా చూసింది. రికార్డింగులుండే చోటుకి కూడా బయట అర తగిలించింది. తర్వాత మమ్మల్నందరినీ నిలబెట్టి, మా కళ్ళముందే తన చేత్తోనే డబ్బాని తొలగించింది. మళ్ళీ కొత్తగా చేసి తెరిచి చూపించింది. అన్నీ ఉన్నాయి. అది చూసేదాకా ఎవరినీ ఇంటికి వెళ్ళనివ్వలేదు. ఆ మూడు మాటలు కూడా మార్చేసింది. నడపడానికి 'తెరువు', ఆపడానికి 'మూసెయ్యి'. తొలగించడానికి 'పారెయ్యి'. పారెయ్యి అని టైపు చెయ్యాలంటే ఎవరికైనా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందంది. మాటకున్న బరువు అంత బాగా తూచే మనిషి మా ఇంట్లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసినా ఒప్పుకునేదాన్ని కాదేమో.

ప్రోగ్రాము ఆ గొంతు నేర్చుకుంది, ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్ళకి టీచరుగారు గొంతు చుట్టూ కట్టుతో, దిండుకి ఆనుకుని కూర్చోగలిగారు. గొంతు డబ్బాకి తగిలించిన ట్యాబ్ వదిన తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టింది. నేనూ మాటల డాక్టరూ గుమ్మంలో నిలబడ్డాం. ఆపరేటరుగారు మంచం పక్క కుర్చీలో ఉన్నారు. ఆపరేషన్ అయినప్పట్నుంచి ఆవిడ ఆయన చెయ్యి పట్టుకోవడం, నొక్కడం తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు. ఆయన కూడా మాట్లాడటం తగ్గించేశారని నర్సు చెప్పింది. వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మొదటి మాట ఏమిటో అని మా అందరి ప్రాణం అక్కడే ఉంది. ఏదో పెద్ద మాటే అంటారనుకున్నాను.

టీచరుగారు భర్త వైపు పైనుంచి కిందిదాకా చూశారు. నెమ్మదిగా టైపు చేశారు.

"చొక్కా గుండీలు ఒకటి వదిలేసి పెట్టుకున్నారు," అంది ఆవిడ గొంతు. పూర్తిగా బొంగురుపోకముందు గొంతు. వాక్యం చివర కాస్త యంత్రంలా వినపడింది, అయినా ఆవిడే.

ఆయన చెయ్యి చొక్కా మీదికి వెళ్ళింది. పై గుండీ దగ్గర్నుంచి ఒక్కొక్కటే విప్పి, అంచులు కలిపి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. వదిన గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను దాచుకోకుండానే ఏడ్చాను.

"ఇప్పుడు?" అన్నారాయన.

టీచరుగారు టైపు చేస్తున్నారు. ఆయన ముఖం అటే తిప్పుకుని ఓపిగ్గా కూర్చున్నారు.

"ఇప్పుడు బాగుంది," అందావిడ.